యంత్రం కొనాలా, తాడు చాలా?

కిందటి వేసవి సెలవులకు ముందు ఒక రోజు మధ్యాహ్నం బెల్లు కొట్టాక, మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో వాళ్ళ నాన్న ఫోను, అందులో ఒక ప్రకటన. నున్నగా మెరిసే వ్యాయామ యంత్రం, దాని మీద చెమట చుక్క లేకుండా నవ్వుతూ నడుస్తున్న మనిషి, కింద ధర రు. 18,000. నెలనెలా వాయిదాలు కట్టుకోవచ్చునట.

"మా నాన్నకు షుగరు అంచు మీద ఉందన్నారు మాస్టారూ. రోజూ వ్యాయామం చేయమని డాక్టరు గారు చెప్పారు. నాన్నది దర్జీ పని, పొద్దస్తమానం మిషను ముందే కూర్చుంటాడు. అమ్మకు చీటీ డబ్బు వచ్చింది. ఇది కొనమంటారా?" అని అడిగింది.

వెంటనే "వద్దమ్మా" అనేద్దామనుకున్నాను. కానీ సైన్సు చెప్పేవాడు కారణం చెప్పకుండా వద్దనకూడదు గదా! పైగా ఈ విషయంలో నేనూ ఒకసారి దెబ్బతిన్నవాణ్ణే. ఆ సంగతి తరవాత చెబుతాను. "రెండు రోజులు ఆగు, ఇద్దరం కలిసి లెక్క వేద్దాం" అన్నాను. ఆ రెండు రోజులు కాస్తా రెండు వారాలయింది. ఆ లెక్కలే ఇవి. మీ ఇంట్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. కాబట్టి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక మాట. మన కండరానికి ధర తెలియదు. అది లాగుతున్నది మెరిసే ఉక్కు కడ్డీయా, నీళ్ళ బిందెయా అన్నది దానికి పట్టదు. ఎంత బలం కావాలి, ఎంత దూరం, ఎన్నిసార్లు అన్నదే దానికి తెలుసు. అలవాటైన దానికంటే కొంచెం ఎక్కువ పని మీద పడితే, రోజులు గడిచేకొద్దీ కండరపు పోగులు లావెక్కుతాయి. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తం తోడటం నేర్చుకుంటుంది. బరువు పడిన ఎముక గట్టిపడుతుంది. ఇంకొక విశేషం ఉంది. పని చేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. ఇన్సులిన్ సరిగా పని చేయని వారిలో కూడా ఈ దారి మూసుకుపోదు. దర్జీ గారికి డాక్టరు వ్యాయామం చెప్పింది అందుకే.

మరి ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక కొలత ఇచ్చింది. 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాలు. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఒక మోస్తరుగా ఆయాసం వచ్చేటట్టు. వీటితో పాటు కండరాలకు బలమిచ్చే పనులు మీవంటి వాళ్ళు వారానికి మూడు రోజులైనా, పెద్దవాళ్ళు రెండు రోజులైనా చేయాలి. ఇందులో ఎక్కడా ఏ యంత్రం పేరూ లేదు.

"అయితే మెట్లు ఎక్కినా వ్యాయామమేనా?" అని అడిగింది మా అమ్మాయి. దీనికి జవాబు లండన్ బస్సుల్లో దొరుకుతుంది. అక్కడి ఎర్ర బస్సులకు రెండంతస్తులుంటాయి. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. ఆ కాలంలో కండక్టరు టిక్కెట్ల కోసం కిందికీ పైకీ తిరుగుతూ రోజుకు అయిదు వందలకు పైగా మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి ఈ ఇద్దరినీ పోల్చి చూసి, కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా ఉందని 1953లో ప్రకటించాడు.

ఇక్కడ మీలో తెలివైన వాళ్ళు ఒక ప్రశ్న వేయాలి. డ్రైవరు ఉద్యోగంలోకి లావుపాటి వాళ్ళే చేరి ఉంటే? అప్పుడు తేడా మెట్ల వల్ల వచ్చిందని ఎలా అంటాం? మోరిస్ కూడా ఈ ప్రశ్న వేసుకున్నాడు. ఉద్యోగులకు కుట్టించి ఇచ్చిన యూనిఫారాల కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుము కొలతలు నిజంగానే పెద్దవిగా ఉన్నాయి! అంటే తేడాలో కొంత భాగం ముందునుంచీ ఉన్నదే కావచ్చు. కానీ తిరిగి ఉత్తరాలు పంచే పోస్టుమన్లను, కూర్చుని పని చేసే గుమాస్తాలను పోల్చినప్పుడు కూడా అదే ధోరణి కనిపించింది. ఆ తరవాత దశాబ్దాల పాటు ఎన్నో దేశాల్లో జరిగిన పరిశీలనలు ఈ మాటను బలపరిచాయి. మోరిస్ 99 ఏళ్ళు బతికి 2009లో కన్నుమూశాడు. దర్జీ కూతురికి ఈ కథలో అన్నిటికంటే నచ్చింది యూనిఫారం కొలతల సంగతి. "అయితే మా నాన్న కొలతల పుస్తకంతో కూడా సైన్సు చేయొచ్చు మాస్టారూ" అంది.

సరే, మెట్టు లెక్క చూద్దాం. వాళ్ళ ఇంటి అరుగు మెట్టు ఎత్తు 20 సెం.మీ. నాన్న బరువు 70 కిలోలు. ఒకసారి ఎక్కితే గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని ఎంత? 70ని 9.8తో, దాన్ని 0.2తో హెచ్చవేయండి. సుమారు 137 జౌళ్ళు. ఎక్కి దిగటం ఒకసారి అనుకుని, నిమిషానికి 20 సార్ల చొప్పున 10 నిమిషాలు చేస్తే 200 సార్లు. మొత్తం సుమారు 27,400 జౌళ్ళు. దీన్ని 600 సెకన్లతో భాగిస్తే దాదాపు 46 వాట్లు వస్తుంది. అంటే ఆ పది నిమిషాలూ ఆయన కాళ్ళు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు అయిదింటికి సమానమన్న మాట!

ఇంతవరకూ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తరవాతి లెక్కతో కాస్త వాడింది. 27,400 జౌళ్ళను కిలో కెలోరీల్లోకి మారిస్తే ఆరున్నరే. కండరం మోటారు లాంటిదే, తిన్నదంతా పనిగా మార్చలేదు. నాలుగో వంతో, అయిదో వంతో పనిగా మారి మిగిలినది వేడిగా పోతుంది. కాబట్టి శరీరం ఖర్చు పెట్టింది 26 నుంచి 33 కిలో కెలోరీలు. దిగటానికీ ఊపిరికీ అయ్యేది కలిపితే ఇంకొంత. మరి ఒక చిన్న ఇడ్లీలో? సుమారు 40 ఉంటాయి.

"పది నిమిషాలు ఎక్కినా ఒక్క ఇడ్లీ అరగలేదా!" అంది.

అవును. ఈ నిజం ఏ ప్రకటనలోనూ కనిపించదు. వ్యాయామాన్ని ఇడ్లీలు కరిగించే పొయ్యి అనుకుంటే ఎవరికైనా నిరాశే మిగులుతుంది. దాని లాభం గుండెలో, రక్తనాళాల్లో, కండరాల్లో, ఎముకల్లో వస్తుంది. ఇక నడుముకు బెల్టు కట్టుకుని కూర్చుంటే పొట్ట కరుగుతుందని అమ్మే పరికరాల సంగతి. కండరాలు వాడుకునే కొవ్వు రక్తం ద్వారా ఒంట్లోని అన్ని భాగాల నుంచీ వస్తుంది. బెల్టు ఎక్కడ కట్టారో చూసి అక్కడి నుంచే రాదు. చెమట పట్టించే బెల్టుతో మర్నాడు తూకం తగ్గితే తగ్గినవి నీళ్ళే. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగగానే ఆ బరువు తిరిగి వచ్చేస్తుంది. వీటి మీద ఇంతకంటే సిరా ఖర్చు చేయను.

తాడాట సంగతి చూద్దాం. తాడు వంద రూపాయల లోపే దొరుకుతుంది. కొలత ఇలా చూసుకోవాలి. తాడు మధ్యలో ఒక పాదం వేసి రెండు కొసలూ పైకి లాగితే అవి మీ చంకల దాకా రావాలి. పొడవైతే నేలను కొట్టి ఎగురుతుంది, పొట్టిదైతే కాళ్ళకు తగులుకుంటుంది. ఇప్పుడొక తమాషా లెక్క. 45 కిలోల అమ్మాయి ఒక్కొక్క గెంతుకు 4 సెం.మీ. లేస్తూ నిమిషానికి వంద గెంతులు వేస్తే పని 1,764 జౌళ్ళు. అదే అమ్మాయి 20 సెం.మీ. మెట్టు నిమిషానికి 20 సార్లు ఎక్కినా సరిగ్గా 1,764 జౌళ్ళే! కాగితం మీద రెండూ సమానం. కానీ చేసి చూడండి, తాడాటలో ఆయాసం ఎంత తొందరగా వస్తుందో! ఎందుకు? మన సూత్రం శరీరాన్ని పైకి లేపిన పనినే లెక్కపెట్టింది. సెకనులో చిన్న భాగంలోనే కింద పడే శరీరాన్ని ఆపి, మళ్ళీ ఎగరేయటానికి కండరాలు బిగుసుకునే ఖర్చు, చేతులు తాడు తిప్పే ఖర్చు అందులో లేవు. సూత్రం తప్పు కాదు, మనం దాన్ని అడిగిన ప్రశ్న చిన్నది.

నేలను తాకే క్షణంలో పాదాల మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడవచ్చు. ఎదిగే ఎముకలకు ఇది మంచి పిలుపే. కానీ సిమెంటు గచ్చు మీద కాదు, మట్టి నేల మీద గెంతండి. మడమల మీద దిగకుండా మునివేళ్ళ మీద దిగండి. మోకాళ్ళు కొంచెం వంచి ఉంచండి. దర్జీ గారి వయసుకు, కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్ళకు తాడు వద్దన్నాను. అది కూతురికీ, ఆమె తమ్ముడికీ.

ఇక బరువులు. లీటరు నీళ్ళు కిలో అని మీకు తెలుసు. అదే సీసాలో పొడి ఇసుక పోస్తే సుమారు కిలోన్నర పైన తూగుతుంది. నెమ్మదిగా పెంచుకోవటానికి ఇంతకంటే మంచి పరికరం లేదు. ఈ వారం సగం సీసా, పై వారం ముప్పావు. ఈ "నెమ్మదిగా పెంచటం" అనేదే అసలు రహస్యం. పూర్వం మైలో అనే గ్రీకు మల్లుడు ఒక దూడను రోజూ ఎత్తేవాడనీ, దూడతో పాటు అతని బలమూ పెరిగిందనీ ఒక కథ. కథ సరే, 1945లో థామస్ డిలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికులకు బరువులు క్రమంగా పెంచుతూ వ్యాయామం చేయించి, ఈ పద్ధతిని వైద్యంలోకి తెచ్చాడు.

మరి ఇనుప బరువులు ఎవరికీ అక్కర్లేదా అంటే, కావలసిన వాళ్ళున్నారు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఇసుక సీసాలతో ఆ పని కాదు. పోటీకి దిగేవాళ్ళకు సరైన బార్లూ, పక్కన శిక్షకుడూ ఉండాలి. మనం మాట్లాడుకుంటున్నది మామూలు ఆరోగ్యం గురించి.

దర్జీ గారింట్లో ఇసుక సీసా కూడా అవసరం రాలేదు. మూలన పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది. కిరాణా కొట్టులో తూయిస్తే 5 కిలోల పైచిలుకు. మూత తెరుచుకోకుండా గట్టిగా తాడు కట్టారు. పైన పిడి ఎలాగూ ఉంది! మోచేయి వంచి దాన్ని ఎత్తినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ముంజేయి ఒక లీవరు, మోచేయి దాని ఆధారం. దండకండరం అతుక్కునేది మోచేతికి సుమారు 4 సెం.మీ. దూరంలో, బరువు ఉండేది సుమారు 32 సెం.మీ. దూరంలో. అంటే చేతిలో 5 కిలోలుంటే కండరం లాగవలసింది సుమారు 40 కిలోల బరువుకు సమానమైన బలం. చిన్న బరువును చిన్నచూపు చూడకండి!

చేతిలో ఏమీ లేకపోయినా శరీరమే బరువు. గుంజీళ్ళు తీస్తే తొడ కండరాలకు, పిరుదులకు ఎంత మేలో నేను ఇప్పుడు చెబితే మీకు నవ్వు వస్తుంది. మా కాలంలో అది శిక్ష. హోంవర్కు తేని వాళ్ళకు వచ్చిన ఆరోగ్యం తెచ్చిన వాళ్ళకు రాలేదు! చెవులు పట్టుకోనక్కర్లేదు. చేతులు ముందుకు చాపి, మడమలు నేలకు ఆన్చి, కుర్చీలో కూర్చోబోయినట్టు దిగి లేవండి. పెద్దవాళ్ళు నిజంగానే వెనక ఒక కుర్చీ వేసుకుని చేయటం మేలు.

దండీలకు ఒక ప్రయోగం ఉంది. మీ బడిలో బరువు చూసే యంత్రం ఉంటే చేసి చూడండి. ముందు మీ బరువు చూసుకోండి. తరవాత రెండు చేతులూ యంత్రం మీద ఆనించి, కాళ్ళు వెనక్కి చాపి, దండీకి సిద్ధమైనట్టు నిటారుగా ఉండండి. చేతుల కింద పాదాలున్నంత ఎత్తు తేడా రాకుండా కాళ్ళ కింద ఓ పుస్తకాల కట్ట పెట్టండి. ముల్లు మీ బరువులో సుమారు మూడింట రెండు వంతులు చూపిస్తుంది. మోకాళ్ళు నేలకు ఆనిస్తే దాదాపు సగానికి దిగుతుంది. నేలను వదిలి గోడను నెడితే ఇంకా ఎంతో తక్కువ. అంటే గోడ, బల్ల, నేల: ఇవే మూడు మెట్ల బరువులు, ఇంట్లో ఉచితంగా. దర్జీ గారు గోడతో మొదలుపెట్టి, రెండు నెలలకు తన కత్తిరింపు బల్ల దాకా వచ్చారు.

నెట్టటం ఇంత సులువు గానీ, ఇంట్లో లాగటానికే ఏమీ ఉండదు. మిషను మీద ముందుకు వంగి కూర్చునేవాళ్ళకు వీపు కండరాలు లాగే పనే ఎక్కువ అవసరం. ఇక్కడ మాత్రం కొంచెం డబ్బు పెట్టమన్నాను. వ్యాయామానికని అమ్మే రబ్బరు పట్టీ ఒకటి చాలు. పాత సైకిలు ట్యూబుతో పని కాదా అని తమ్ముడు అడిగాడు. అవుతుంది, కానీ పగుళ్ళున్న రబ్బరు తెగి కంటికి తగిలితే ఆ నష్టం ఏ డబ్బుతోనూ తీరదు. పట్టీనైనా వాడే ముందు ప్రతిసారీ సాగదీసి వెలుతురులో చూడాలి. కిటికీ గొళ్ళేనికి కాదు, కదలని స్తంభానికే కట్టాలి. ముఖం దానికి ఎదురుగా పెట్టకూడదు.

ఆ ట్యూబును మేము వ్యర్థం చేయలేదులెండి. మేకుకు వేలాడదీసి, కొసన ఒక్కొక్క కిలో బరువు పెంచుతూ ఎంత సాగిందో స్కేలుతో కొలిచి గ్రాఫు గీశాం. స్ప్రింగు అయితే హుక్ నియమం ప్రకారం గీత తిన్నగా రావాలి. రబ్బరుకు అది వంకర తిరిగింది. బరువు తీస్తూ వస్తే వచ్చిన దారినే వెనక్కి పోలేదు. మధ్యలో కొంత శక్తి వేడిగా మారిందన్న మాట. ఒక రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పై పెదవికి తాకించి చూడండి, వెచ్చగా తగులుతుంది.

ఇప్పుడు నా పాత దెబ్బ సంగతి. సుమారు పన్నెండేళ్ళ కిందట నేనూ ఒక వ్యాయామపు సైకిలు కొన్నాను. మొదటి వారం రోజుకు అరగంట తొక్కాను. రెండో వారం రోజు విడిచి రోజు. మూడో వారం ఎడమ పెడలు దగ్గర కీచుమని చప్పుడు మొదలైంది. తెల్లవారుజామున తొక్కితే ఇంట్లో వాళ్ళ నిద్ర పాడు, సాయంత్రం తొక్కుదామంటే అది ఉన్న గదిలోనే పిల్లల చదువు. బాగు చేయమని కబురు పెడితే వస్తామన్నారు, వచ్చింది లేదు. వీధి చివరి సైకిలు షాపతను చూసి, ఆ విడిభాగం తన దగ్గర దొరకదన్నాడు. నెల తిరిగేసరికి దాని మీద తువ్వాళ్ళు ఆరేయటం మొదలుపెట్టాం. అందుకు మాత్రం చాలా బాగా పనికి వచ్చింది.

నేను యంత్రాలకు విరోధిని కాను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు, బయట నడవటానికి చోటు లేనివాళ్ళకు అలాంటి సైకిలు నిజంగా మేలు చేస్తుంది. కానీ కొనే ముందు దాన్ని ఇంట్లో ఎక్కడ పెడతారో నేల మీద సుద్దముక్కతో గీసి, ఒక వారం ఆ గీత తొక్కకుండా తిరిగి చూడండి. చెడితే మీ ఊళ్ళో ఎవరు బాగు చేస్తారో కనుక్కోండి. వీలైతే తెలిసిన వారింట్లో అలాంటిదే వారం రోజులు వాడండి. అప్పటికీ కావాలనిపిస్తే, తువ్వాళ్ళు ఆరేస్తున్న ఇల్లు ఏదో వెతకండి. సగం ధరకే ఇస్తారు.

దర్జీ గారి మిషనుకు కూడా ఒక కథ ఉంది. రెండేళ్ళ కిందటి దాకా ఆయన కాలితో తొక్కేవారు. తరవాత మోటారు పెట్టించారు. కాలికి ఉన్న ఆ కాస్త పనీ పోయింది. ఇప్పుడు కాళ్ళు కదిలించటానికి పద్దెనిమిది వేల యంత్రం! మోటారు తీసేయమని నోటిదాకా వచ్చింది. ఆయనే నవ్వి, "అది తీసేస్తే రోజుకు రెండు జాకెట్లు తగ్గుతాయి మాస్టారూ" అన్నారు. నిజమే. అందుకని గంటకొకసారి లేచి అరుగు మెట్టు పదిసార్లు ఎక్కి దిగాలన్నది ఒప్పందం. డాక్టరు గారిని అడిగే మొదలుపెట్టారు. షుగరు, బి.పి., గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎవరైనా అలాగే చేయాలి. గుండెలో నొప్పిగాని, కళ్ళు తిరగటంగాని వస్తే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరికి వాళ్ళు కొన్నవి ఒక తాడు, ఒక రబ్బరు పట్టీ, నాన్న నడకకు ఒక జత మంచి బూట్లు. బూట్ల దగ్గర పిసినారితనం వద్దని నేనే గట్టిగా చెప్పాను. షుగరు ఉన్నవాళ్ళకు పాదం మీద చిన్న పుండు కూడా పెద్ద చిక్కు తెస్తుంది. మొత్తం రెండు వేలు దాటలేదు. మిగిలిన చీటీ డబ్బు అమ్మ దగ్గరే ఉంది.

ఫలితం ఎలా తెలుస్తుంది? అమ్మాయి ఒక నోటు పుస్తకం పెట్టింది. ప్రతి ఆదివారం ఉదయం నాన్న మూడు నిమిషాలు మెట్టు ఎక్కి దిగుతారు, నిమిషానికి 20 సార్లు. కూర్చుని ఒక నిమిషం ఆగాక మణికట్టు దగ్గర నాడి అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేస్తుంది. అలవాటు పడిన గుండె పని తరవాత తొందరగా నెమ్మదిస్తుంది. 1943లో హార్వర్డ్‌లో తయారైన మెట్ల పరీక్ష కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుంది. కానీ అందులో మెట్టు ఎత్తు 20 అంగుళాలు, నిమిషానికి 30 సార్ల చొప్పున 5 నిమిషాలు. అది గట్టి యువకుల కోసం తయారు చేసింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత చేయించకండి.

ఆ పుస్తకం నేను చూశాను. మొదటి ఆదివారం 118. ఎనిమిదో ఆదివారం 104. మధ్యలో ఒకసారి 110కి పెరిగింది, ఆ రోజు ఆయనకు జలుబట. రక్త పరీక్ష సంగతి డాక్టరు గారు చూసుకుంటున్నారు, దాని మీద నేను తీర్పు చెప్పను. దసరాకు ముందు మాత్రం మూడు ఆదివారాల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పండగ జాకెట్లు ఎక్కువ వచ్చాయట. తరవాతి గడిలో 112 అని ఎర్ర పెన్నుతో రాసి, పక్కన "నాన్నకు చూపించాను" అని సంతకం చేసింది.